వాటాల దగ్గర విడిపోయిన ఉమ్మడి కుటుంబం

అమెరికా పటం ఒకటి ముందేసుకోండి. తూర్పున అట్లాంటిక్ మహాసముద్రం, పడమర పసిఫిక్. ఈ పసిఫిక్ వైపున్న కాలిఫోర్నియాలోనే పేరుమోసిన స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఉంది. దాని జట్లు 2024 నుంచి ఏ లీగులో ఆడుతున్నాయో తెలుసా? అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో! మన కాకినాడ జట్టును తీసుకెళ్లి అరేబియా సముద్ర తీర లీగులో చేర్చినట్టన్నమాట. భూగోళం తెలియక జరిగిన పొరపాటేమీ కాదిది. అంతా టీవీ డబ్బు మహిమ.

కాలేజీ ఆటేగా అనుకోవద్దు

మన దగ్గర కాలేజీ ఆటలంటే మైదానంలో పదిమంది మిత్రులు, పేపర్లో నాలుగు లైన్ల వార్త. అమెరికాలో అలా కాదు. అక్కడ శనివారం వచ్చిందంటే ఊళ్లకు ఊళ్లు యూనివర్సిటీ ఫుట్‌బాల్ చూడటానికి కదిలిపోతాయి. (మనం ఆడే ఫుట్‌బాల్ కాదు, శిరస్త్రాణాలు పెట్టుకుని ఢీకొనే వాళ్ల ఫుట్‌బాల్.) మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలోనే లక్షకు పైగా సీట్లున్నాయి. టీవీల ముందు కూర్చునేవారు ఇంకెందరో.

ఈ యూనివర్సిటీలు తమలో తాము కొన్ని కూటములుగా ఏర్పడి ఆడతాయి. వాటినే కాన్ఫరెన్స్‌లంటారు. ఇరుగుపొరుగు రాష్ట్రాల వాళ్లు కలిస్తే ప్రయాణం దగ్గర, ఖర్చు తక్కువ, పోటీలో పౌరుషం ఎక్కువ. ఆదాయం వస్తే అందరూ పంచుకునేవారు. అచ్చం ఉమ్మడి కుటుంబమే.

ఒక తీర్పు, వంద బేరాలు

మొదట్లో కాలేజీ ఫుట్‌బాల్ టీవీ హక్కులన్నీ ఎన్‌సీఏఏ అనే జాతీయ సంఘం చేతిలో ఉండేవి. ఏ జట్టు ఎన్నిసార్లు టీవీలో కనబడాలో కూడా అదే తేల్చేది. పెద్ద జట్లకు ఇది మింగుడుపడలేదు. ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీలు కోర్టుకెక్కాయి. 1984లో అమెరికా సుప్రీంకోర్టు 7-2 తేడాతో ఆ గుత్తాధిపత్యం చెల్లదంది. ఒప్పుకోని ఇద్దరిలో జస్టిస్ బైరన్ వైట్ ఒకరు. కుర్రతనంలో ఆయనా కాలేజీ ఫుట్‌బాల్‌లో పెద్ద స్టారే! చదువుతో ముడిపడిన ఆటను మామూలు వ్యాపారంలా చూడకూడదన్నది ఆయన వాదన.

ఆ తర్వాత ఎవరి హక్కులు వారివయ్యాయి. కాన్ఫరెన్స్‌లు విడివిడిగా టీవీ చానళ్లతో బేరాలకు దిగాయి. మన ఐపీఎల్‌తో పోలిస్తే తేడా తెలుస్తుంది. 2023-27 హక్కులను బీసీసీఐ ఒక్కటే రూ.48,390 కోట్లకు అమ్మింది. అమ్మేది ఒక్కరే కాబట్టి ఏ జట్టుకైనా అలిగి వెళ్లడానికి ఇంకో ఇల్లు లేదు. అమెరికా కాలేజీలకు మాత్రం పక్కనే ఇంకో ఇల్లుంది, అందులో వాటా ఇంకాస్త పెద్దది.

‘జనం చూసేది మమ్మల్ని, మరి అందరితో సమానంగా వాటా ఏమిటి?’ అన్న ప్రశ్న పుడితే ఏ ఉమ్మడి కుటుంబమైనా ఎన్నాళ్లు నిలుస్తుంది? టెక్సాస్ యూనివర్సిటీ 2011లో ఈఎస్‌పీఎన్‌తో కలిసి తనకంటూ ఒక సొంత చానలే పెట్టుకుంది. దాని కూటమి బిగ్ 12 నుంచి అదే ఏడాది నెబ్రాస్కా, కొలరాడో వెళ్లిపోయాయి. మరుసటి ఏడాది టెక్సాస్ ఎ అండ్ ఎం, మిజోరి కూడా. చివరికి 2024లో టెక్సాస్ తనే ఓక్లహోమాను వెంటబెట్టుకుని ఎస్‌ఈసీలోకి మారిపోయింది.

108 ఏళ్ల ఇల్లు

అన్నిటికన్నా బాధాకరం మాత్రం ప్యాక్-12 కథ. 1915లో మొదలైన పసిఫిక్ తీరపు కూటమి అది. 2022 జూన్ 30న లాస్‌ఏంజెలిస్‌లోని యూసీఎల్‌ఏ, యూఎస్‌సీ బాంబు పేల్చాయి. 2024 నుంచి బిగ్ టెన్‌లో చేరతామన్నాయి. అమెరికాలో న్యూయార్క్ తర్వాత అతి పెద్ద టీవీ మార్కెట్ లాస్‌ఏంజెలిస్. అది చేజారాక ప్యాక్-12 సరుకు విలువ పడిపోయింది. ఆ ఆగస్టులోనే బిగ్ టెన్ మూడు చానళ్లతో ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లకు పైబడిన ఒప్పందం చేసుకుంది.

ప్యాక్-12 ఏడాది పాటు చానళ్ల చుట్టూ తిరిగింది. చివరికి దొరికింది యాపిల్ సంస్థ ఇచ్చిన ఇంటర్నెట్ ప్రసారాల ప్రతిపాదన. చందాదారులు పెరిగేకొద్దీ ఆదాయం పెరుగుతుందన్న పద్ధతి. 2023 ఆగస్టు 4... ఆ ఒక్కరోజే అయిదు యూనివర్సిటీలు గుడ్‌బై చెప్పేశాయి. ఓరెగాన్, వాషింగ్టన్ మొదట్లో సగం వాటా ఇచ్చినా చాలంటూ బిగ్ టెన్‌కు వెళ్లాయి. యూటా, అరిజోనాలతో పాటు, మన పిల్లలు ఎమ్మెస్ కోసం వెళ్లే అరిజోనా స్టేట్ బిగ్ 12 దారి పట్టింది. కొలరాడో అంతకు వారం ముందే అక్కడ చేరింది.

నెల తిరిగేసరికి స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ అట్లాంటిక్ కూటమిలో చేరాయి. తొలి ఏడేళ్లూ టీవీ వాటాలో 30 శాతమే ఇస్తామంటే సరేనన్నాయి. టెక్సాస్‌లోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ అయితే తొమ్మిదేళ్ల పాటు టీవీ డబ్బే వద్దంటూ అదే కూటమిలో అడుగుపెట్టింది. కట్నమిచ్చి మరీ సంబంధం కలుపుకోవడం అంటే ఇదే.

పన్నెండు మందిలో మిగిలింది ఇద్దరు: ఓరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్. వాళ్ల తప్పేమిటంటే... చిన్న ఊళ్లలో ఉండటం. వాషింగ్టన్ స్టేట్ ఉన్న పుల్‌మన్ జనాభా, అక్కడి స్టేడియం సీట్లు రెండూ దాదాపు 33 వేలే! ఇద్దరూ కోర్టుకెళ్లి కూటమి పేరునూ ఆస్తులనూ దక్కించుకున్నారు. తర్వాత వాళ్లు చేసిందేమిటి? మౌంటెన్ వెస్ట్ అనే చిన్న కూటమి నుంచి బోయిసీ స్టేట్, శాన్‌డియాగో స్టేట్ సహా అయిదు జట్లను 2026 నుంచి తమలో చేరేలా ఒప్పించారు. ఇంటికప్పు ఎగిరిపోయినవాళ్లు పక్కింటి పెంకులు తెచ్చుకున్నారు. ఆ గొడవా కోర్టుకెక్కింది.

పరీక్షలు, విమానాలు

ఫుట్‌బాల్ జట్టుకు వారానికో మ్యాచ్. ప్రత్యేక విమానంలో వెళ్లొస్తుంది. అసలు కష్టం వాలీబాల్, సాఫ్ట్‌బాల్ ఆడే పిల్లలది. వాళ్లకు వారం మధ్యలోనూ మ్యాచ్‌లుంటాయి. బిగ్ టెన్‌లో యూసీఎల్‌ఏ ప్రత్యర్థుల్లో ఒకటి న్యూజెర్సీలోని రట్గర్స్. మధ్య దూరం దాదాపు 4 వేల కిలోమీటర్లు. మన దేశం ఉత్తరం కొస నుంచి దక్షిణం కొసకు 3,214 కిలోమీటర్లే! గడియారంలో మూడు గంటల తేడా కూడా. రాత్రి మ్యాచ్ ఆడి, విమానంలో కునుకు తీసి, పొద్దున్నే క్లాసుకెళ్లాలి. వాళ్ల ఆటలు నడిచేదీ ఫుట్‌బాల్ డబ్బుతోనే కాబట్టి కాదనలేరు.

యూసీఎల్‌ఏ, బర్క్‌లీ రెండూ ఒకే కాలిఫోర్నియా యూనివర్సిటీ బిడ్డలు. తమ్ముడు వెళ్లిపోవడం వల్ల అన్న నష్టపోయాడని, యూసీఎల్‌ఏ ఏటా కోటి డాలర్లు బర్క్‌లీకి ఇవ్వాలని 2024లో ఆ యూనివర్సిటీ పాలకమండలి తీర్మానించింది. భరణమన్నమాట!

ఆడేవాడి వాటా ఎంత?

ఇంత డబ్బు చేతులు మారుతుంటే మైదానంలో ఎముకలు విరగ్గొట్టుకునే కుర్రాడికి ఏం దక్కింది? దశాబ్దాల పాటు దక్కింది స్కాలర్‌షిప్పే. ప్రకటనల్లో కనిపించి సొంతంగా సంపాదించుకోవడానికి 2021 జులైలో వీలు కల్పించారు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒక రాజీతో తొలిసారి యూనివర్సిటీలే ఆటగాళ్లకు నేరుగా డబ్బిచ్చే వీలు కలిగింది. 2025-26కు ఒక్కో యూనివర్సిటీ 2.05 కోట్ల డాలర్ల దాకా పంచవచ్చు. పాత ఆటగాళ్లకు బకాయిల కింద పదేళ్లలో సుమారు 280 కోట్ల డాలర్లు.

న్యాయమే. కానీ ఆ డబ్బు ఎక్కడినుంచి రావాలి? మళ్లీ టీవీ నుంచే. అందుకే అట్లాంటిక్ కూటమి 2025 మార్చిలో, ఎవరి మ్యాచ్‌లు ఎక్కువమంది చూస్తే వారికి ఎక్కువ వాటా అనే పద్ధతికి ఒప్పుకుంది. అందరికీ ఒకే పంక్తిలో వడ్డించే రోజులు అలా అయిపోతున్నాయి.

ఇంతకీ పుల్‌మన్ సంగతి... వాషింగ్టన్, వాషింగ్టన్ స్టేట్ 1900 నుంచి ఆడుతున్న పోరును యాపిల్ కప్ అంటారు. ఏటా నవంబరులో ఊరూవాడా ఎదురుచూసే మ్యాచ్ అది. కాపురాలు వేరయ్యాక దానికి 2024లో సెప్టెంబరులో చోటు దొరికింది. వెళ్లిపోయిన అన్న బిగ్ టెన్ హోదాతో దిగాడు, మిగిలిపోయిన తమ్ముడు ఇద్దరే ఉన్న కూటమి నుంచి వచ్చాడు. చివరి నిమిషంలో గోల్ గీత ముందు అడ్డుగోడలా నిలిచి తమ్ముడే గెలిచాడు, 24-19 తేడాతో.

టీవీలు కట్టిన ధర మైదానానికి తెలియదు మరి!