బహూ మీద ఇల్జామ్ వేసే ముందు

మా భాంజీకి షాదీ అయ్యి నాలుగేళ్లు. ఏ దావత్‌కి వెళ్లినా చెప్పులు విప్పకముందే ఎవరో ఒక ఖాలా అడిగేస్తుంది, "ఖుష్‌ఖబరీ కబ్ సునాతే?" అని. మొదట్లో నవ్వి ఊరుకునేది. ఇప్పుడు దావత్‌లకి రావడమే మానేసింది. మాహ్వారీ రెండు నెలలకోసారి, ఒక్కోసారి మూడు నెలలకి వస్తుంది. డాక్టరమ్మ స్కానింగ్ చేయించి పీసీఓఎస్ అంది. సస్రాల్‌లో దానికి ఒకటే మత్లబ్ తీశారు: ఐబ్ బహూలో ఉంది. "దామాద్ కూడా పరీక్ష చేయించుకుంటే బాగుండు కదా" అని మా ఆపా అన్నందుకు సాస్‌గారు నెల రోజులు ఫోన్ ఎత్తలేదు.

"నేనేం చేశాను మామూ?" అని ఆ పిల్ల ఒక రాత్రి అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అందుకే చదవడం మొదలుపెట్టాను.

పిల్లల్ని కనే వయసు ఔరతుల్లో నూటికి 8 నుంచి 13 మందికి పీసీఓఎస్ ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్లలో 70 శాతం దాకా తమకది ఉందన్న సంగతే తెలియదట. ఖాందాన్‌లో ఉంటే వచ్చే అవకాశం ఎక్కువ. ఇన్సులిన్‌తో దానికి గట్టి తాలూఖ్ ఉంది. ఇవి డాక్టర్లు చెప్పేవే. నన్ను ఆపేసింది మాత్రం ఇంకో సంగతి.

హార్మోన్ అంటే ఒంట్లో ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లే చిట్టీ లాంటిది. అండం ఎప్పుడు పండాలి, మాహ్వారీ ఎప్పుడు రావాలి, హమల్ ఎలా నిలవాలి, అన్నీ ఆ చిట్టీల మీదే నడుస్తాయి. కొన్ని కెమికల్స్ ఆ చిట్టీల మీది దస్తఖత్‌ని నకల్ చేస్తాయి. ఒళ్లు మోసపోతుంది. గట్టి ప్లాస్టిక్‌లో వాడే బీపీఏ అలాంటిదే, ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్‌లా నటిస్తుంది.

1998లో అమెరికాలో పాట్రీషియా హంట్ అనే సైన్స్‌దాన్ ఎలుకల అండాల మీద పని చేస్తున్నారు. ఏ మందూ ఇవ్వని, ఊరికే పోల్చి చూడ్డానికి పెట్టుకున్న ఎలుకల్లో పాడైన అండాలు నూటికి ఒకటో రెండో ఉండేవి. ఉన్నట్టుండి 40కి పెరిగాయి. వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, ఎవరో పనివాడు ఎలుకల ప్లాస్టిక్ బోన్లనీ నీళ్ల సీసాలనీ పొరపాటున ఘాటు సబ్బుతో కడిగాడు. ప్లాస్టిక్ దెబ్బతిని బీపీఏ బయటికొచ్చింది. అంతే. ఒక సబ్బు!

ఎలుకల సంగతి మనకెందుకు అంటారా? హమల్ పడిపోకుండా ఉండాలని డీఈఎస్ అనే తయారీ హార్మోన్‌ని డాక్టర్లే ఏళ్ల తరబడి గర్భిణులకు రాశారు. 1971లో బోస్టన్ డాక్టర్లు చూస్తే, ఆ దవా మింగిన తల్లుల కూతుళ్లలో కొందరికి అరుదైన కేన్సర్ వచ్చింది. గర్భాశయం ఆకారమే మారి ఔలాద్ కష్టమైన కూతుళ్లూ ఉన్నారు. అమ్మ మింగిన గోలీ, బేటీ యవ్వనంలో బయటపడింది.

ఇక మన ఇల్లు చూసుకుందాం. నేను మొదట నా చేతుల్నే చూసుకున్నాను. జుమా రోజు హోటల్ నుంచి పొగలు కక్కే సాలన్‌ని పల్చటి కవర్‌లో ముడేయించి తెచ్చేది నేనే. వేడి, నూనె రెండూ కలిస్తే ప్లాస్టిక్‌లో కలిపినవి తేలిగ్గా బయటికొస్తాయి. కర్నూలు ఎండలో ఆటో మీద మధ్యాహ్నం దాకా కాగే నీళ్ల క్యాన్లు తెప్పించేదీ నేనే. అద్దంలా మెరిసే ఆ గట్టి క్యాన్లలో చాలావాటికి బీపీఏతోనే పని. యూరప్ దేశాలు 2024 చివర్లో, తిండిని తాకే వస్తువుల్లో బీపీఏని బంద్ చేస్తూ కానూన్ తెచ్చాయి. "బీపీఏ ఫ్రీ" అని రాసుంటే బేఫికర్ అనుకోకండి, దాని బదులు దాని తమ్ముడు బీపీఎస్‌ని వాడినవీ ఉన్నాయి.

అత్తర్ సంగతి చెబితే చాలామంది నారాజ్ అవుతారు. అసలు అత్తర్ అంటే కన్నౌజ్‌లో లాగా డేగ్‌లో పూలు మరిగించి, ఆ ఆవిరిని చందనం నూనెలోకి దింపి తీసేది. చందనం మహంగా అయ్యాక చవక సీసాల్లోకి డై ఇథైల్ థాలేట్ లాంటి ద్రవాలు వచ్చాయి. థాలేట్ల ఖాందాన్‌లో అది కాస్త మెతకదే. కానీ సీసా మీద ఏమీ రాయనప్పుడు లోపలున్నది మెతకదో మొండిదో ఎవరికి తెలుసు? ఆల్కహాల్ లేదు కదా అని పదిసార్లు అడుగుతాం. దాని బదులు ఏం పోశారు భాయ్ అని ఒక్కసారీ అడగం. మొండి థాలేట్లు దెబ్బకొట్టేది మగ హార్మోన్‌ని. జంతువుల మీద ఇది గట్టిగానే సాబిత్ అయింది. దామాద్ సాబ్‌లు కూడా వినాలి.

ఇక్కడే నాకో భయం. ఇది చదివి ఏ సాస్ అయినా "నువ్వు ప్లాస్టిక్ డబ్బాలో తిన్నావు, అందుకే నీ గోద్ ఖాళీ" అంటుందేమోనని. పీసీఓఎస్ ప్లాస్టిక్ వల్లే వస్తుందని ఎవరూ సాబిత్ చేయలేదు. అది ఉన్న ఔరతుల రక్తంలో బీపీఏ ఎక్కువగా కనబడిందని కొన్ని తహఖీఖాత్‌లు అన్నాయి. ఏది ముందో ఏది వెనకో ఇంకా తేలలేదు. స్టీల్ డబ్బా కొన్నంత మాత్రాన మాహ్వారీ సరిగ్గా రాదు. డాక్టర్ దవా ఆపి, పేరూ ఊరూ రాయని మాజూన్ తినిపించకండి, దాంట్లో ఏముందో ఇచ్చినవాడికైనా తెలుసో లేదో. పైగా క్యాన్ తెచ్చేది మర్ద్, కవర్ తెచ్చేది మర్ద్, వాటిని తయారుచేసేది కంపెనీ, కళ్లు మూసుకునేది హుకూమత్. బాంఝ్ అనే మాట మాత్రం ఆమెకి.

నేను హోటల్‌కి టిఫిన్ క్యారియర్ పట్టుకెళుతున్నాను. గల్లా దగ్గర భాయ్ మొదటిరోజు నవ్వాడు, ఇప్పుడు అలవాటైంది. ఇంట్లో మట్టి కుండ మళ్లీ బయటికొచ్చింది. అత్తర్ దుకాణంలో పాత దోస్త్ నా ప్రశ్నకి ఇంకా జవాబివ్వలేదు, సప్లయర్‌ని అడిగి చెబుతానన్నాడు.

పోయిన ఇత్వార్ మా దామాద్‌ని చాయ్‌కి పిలిచాను. "బేటా, ల్యాబ్‌కి ఇద్దరం కలిసి వెళదాం, నేను తోడొస్తా" అన్నాను. గాజు గ్లాసు వైపే చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. "సోచ్‌కే బోల్తూఁ మామూ" అన్నాడు. ఈరోజుకి ఆరు రోజులు.