టీకి కాదు... కుర్చీకే ఖరీదు!

ఒక టీ... ఎనిమిది వేల రూపాయలు!

అచ్చుతప్పేం కాదు. లండన్‌లోని పికడిల్లీ వీధిలో రిట్జ్ హోటల్ ఉంది. అక్కడ కూర్చుని 'ఆఫ్టర్‌నూన్ టీ' తాగాలంటే మనిషికి 70 పౌండ్ల పైమాటే. పౌండుకి 115 రూపాయలు వేసుకున్నా లెక్క ఎనిమిది వేలు దాటేస్తుంది. అదే డబ్బుతో హైదరాబాద్‌లో దాదాపు ఏడాది పొడవునా రోజూ ఒక ఇరానీ చాయ్ లాగించొచ్చు. అయినా రిట్జ్‌లో టేబుల్ దొరకాలంటే వారాల ముందే బుక్ చేసుకోవాలి. పొద్దున పదకొండున్నర నుంచి రాత్రిదాకా విడతలవారీగా వడ్డిస్తూనే ఉంటారు. మగవాళ్లకి కోటూ టై తప్పనిసరి. జీన్సూ స్పోర్ట్స్ బూట్లూ వేసుకొస్తే వెనక్కి పంపేస్తారు.

కొడుకో కూతురో ఉద్యోగానికని అక్కడ స్థిరపడి, వేసవిలో అమ్మానాన్నల్ని రప్పించుకున్నప్పుడు ఈ టీ ప్రస్తావన ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. 'ఇంత దూరం వచ్చి అది తాగకుండా వెళ్తారా' అని పిల్లలు బలవంతపెడతారు. తీరా వెళ్లాక ఏమవుతుంది? నాన్నగారు మెనూలో కనిపించిన ప్రతి అంకెనీ లోలోపల 115తో గుణించుకుంటూ ఉంటారు. అమ్మేమో 'నాకు ఆకలిగా లేదులేరా' అంటుంది. పిల్లలు పెట్టిన డబ్బుకీ పెద్దలు పడ్డ సంతోషానికీ పొంతన కుదరదు. అలా కాకూడదంటే అక్కడ అమ్ముతున్నదేమిటో ముందే తెలుసుకుని వెళ్లాలి. ఎందుకంటే... ఆ డబ్బు టీకి కాదు!

మూడంతస్తుల పళ్లెం

ఆఫ్టర్‌నూన్ టీ అంటే కప్పు టీ కాదు, పూట భోజనం లాంటిది. టేబుల్ మీదికి మూడంతస్తుల స్టాండు వస్తుంది. అడుగు పళ్లెంలో వేలెడు వెడల్పున కోసిన శాండ్‌విచ్‌లు... అంచులు తీసేసిన బ్రెడ్డు మధ్యలో కీరదోస ముక్కలు, గుడ్డు, పొగబెట్టిన సాల్మన్ చేప లాంటివి. కొన్నిచోట్ల 'కొరోనేషన్ చికెన్' కూడా ఉంటుంది. 1953లో రెండో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం విందు కోసం తయారుచేసిన వంటకమిది. రుచి చూస్తే మనకు ఎక్కడో తెలిసినట్టే ఉంటుంది, అందులో కర్రీ పౌడర్ వేశారు మరి! ఆ పై పళ్లెంలో స్కోన్లు, జామ్, మీగడ. అన్నిటికన్నా పైన చిట్టి చిట్టి కేకులు. కింది నుంచి పైకి తింటూ వెళ్లడం ఆనవాయితీ. టీ పింగాణీ పాత్రలో విడిగా వస్తుంది. పెద్ద హోటళ్లలో టీ, శాండ్‌విచ్‌లు అయిపోతే మళ్లీ తెస్తారు, అదనంగా ఏమీ తీసుకోరు. ఈ సంగతి తెలియక మొదటి పళ్లెంతోనే మొహమాటపడి లేచి వచ్చేవాళ్లున్నారు. అడగండి, తప్పేం లేదు. కాకపోతే ఆ రోజు మధ్యాహ్నం భోజనం మానేసి వెళ్లాలి. రాత్రికి మజ్జిగ చాలు.

స్కోన్ అంటే బిస్కెట్‌కీ బన్నుకీ మధ్యరకం. దాన్ని స్కోన్ అనాలా స్కాన్ అనాలా అన్నది వాళ్లలో వాళ్లకే తేలలేదు కాబట్టి మనం ఎలా పలికినా ఫర్వాలేదు. వేడివేడిగా చేత్తో రెండుగా విడదీసి జామ్, మీగడ రాసుకోవాలి. ఆ మీగడ పేరు క్లాటెడ్ క్రీమ్. దాలి మీద పొద్దంతా కాగిన పాలపై అట్టులా కట్టే మీగడ గుర్తుందా? దానికి దగ్గరి చుట్టం. కార్న్‌వాల్ ప్రాంతపు మీగడకి 1998లోనే ప్రత్యేక గుర్తింపు దక్కింది, నూటికి 55 పాళ్లకు తగ్గకుండా వెన్న ఉంటేనే ఆ పేరు పెట్టుకోవాలి. దీనిమీద వాళ్లకో పెద్ద తగువు. జామ్ ముందు రాయాలని కార్న్‌వాల్ వాళ్లు, మీగడే ముందని పక్క జిల్లా డెవన్ వాళ్లు. ఆవకాయలో నెయ్యి ముందా, అన్నంలో ముందా అని మన ఇళ్లలో జరిగే గొడవలాంటిదే. తీర్పు చెప్పబోకండి.

శాకాహారులైతే టేబుల్ బుక్ చేసేటప్పుడే చెప్పాలి. చేప, మాంసం లేని పళ్లెం విడిగా సర్దుతారు. అయితే అక్కడ శాకాహారమంటే గుడ్డు ఉంటుంది. గుడ్డు కూడా తినని వాళ్లు ఆ ముక్క ప్రత్యేకంగా చెప్పకపోతే కేకుల పళ్లెం అలాగే మిగిలిపోతుంది. చిన్న హోటళ్లలో అయితే మెత్తటి జెల్లీలాంటి మిఠాయిల్లో జెలటిన్ ఉందేమో కూడా అడిగి తెలుసుకోవడం మేలు, అది జంతువుల నుంచి తీసే పదార్థం. మరో మాట... లండన్ హోటళ్ల బిల్లుల్లో చాలావరకు పన్నెండున్నర శాతం సర్వీసు చార్జీ ముందే కలిపేసి ఉంటుంది. అది చూసుకోకుండా పైన మళ్లీ టిప్పు పెట్టనక్కర్లేదు.

డచెస్‌గారి ఆకలి

ఇంగ్లిష్ వాళ్లు మొదటినుంచీ ఇలా సాయంత్రం టీ తాగుతున్నారనుకుంటే పొరపాటు. ఒకప్పుడు టీ ధనికుల సరుకు. పన్ను ఎంతో తెలుసా? నూటికి 119! సరుకు ధర కన్నా పన్నే ఎక్కువన్నమాట. దాంతో దొంగ సరుకు ఏరులై పారింది. 1784లో ప్రభుత్వం పన్నుని పన్నెండున్నర శాతానికి దించేసింది. దాంతో టీ మామూలు ఇళ్లకి చేరింది. 1839లో అస్సాం ఆకు మొదటిసారి లండన్ వేలానికి వచ్చింది.

ఇంచుమించు అదేకాలంలో, 1840 ప్రాంతాల్లో, బెడ్‌ఫర్డ్ డచెస్ ఆనా మరియాకి మధ్యాహ్నం కాగానే నీరసం వచ్చేదట. పగటి భోజనం తేలిక, రాత్రి భోజనం ఎనిమిదింటికి గానీ లేదు. మధ్యలో కడుపు కాలితే ఏం చేస్తుంది పాపం? టీ, కాస్త బ్రెడ్డు, కేకు గదికి తెప్పించుకోవడం మొదలుపెట్టింది. తర్వాత స్నేహితురాళ్లని పిలిచింది. ఆవిడ విక్టోరియా రాణి కొలువులో మనిషి. ఇంకేం, పెద్దింటి ఆడవాళ్లందరికీ అదే వాడుకైంది. ఈ కథని కొంచెం అటూఇటూగా అందరూ చెబుతారు.

మన నగరాల్లోని పెద్ద హోటళ్లు దీన్నే 'హై టీ' అని ప్రచారం చేస్తుంటాయి. బ్రిటన్‌లో ఆ మాటకి అర్థం వేరు. హై టీ అంటే మిల్లులో, గనిలో పనిచేసి సాయంత్రం ఇంటికొచ్చిన కార్మికుడి భోజనం. మాంసం, బ్రెడ్డు, బంగాళాదుంపలతో కడుపునిండా పెట్టే తిండి. ఉత్తర ఇంగ్లండ్‌లో ఇప్పటికీ రాత్రి భోజనాన్ని 'టీ' అనేవాళ్లున్నారు. లీడ్స్‌లో ఉండే మీ అబ్బాయిని ఆఫీసు మిత్రుడు 'సాయంత్రం టీకి రా' అని పిలిస్తే ఇంట్లో తిని వెళ్లొద్దని చెప్పండి.

ఒంటరిగా కూర్చునే చోటు

అసలు కథ రాణుల ఇళ్లలో కాదు, వీధి టీ దుకాణాల్లో ఉంది. పందొమ్మిదో శతాబ్దపు లండన్‌లో పరువుగల ఇంటి ఆడది తోడు మగవాడు లేకుండా బయట కూర్చుని ఏదైనా తినే చోటే దాదాపు లేదు. మద్యం దుకాణాలు మగవాళ్లవి. పెద్ద హోటళ్లు డబ్బున్నవాళ్లవి. బజారుకొచ్చిన ఇల్లాలు, కొత్తగా ఆఫీసుల్లో టైపు కొట్టడానికి చేరిన అమ్మాయి... కాళ్లు నొప్పిపుడితే ఎక్కడ కూర్చోవాలి?

1864లో ఏబీసీ అనే బ్రెడ్డు కంపెనీ తన దుకాణంలో టీ ఇవ్వడం మొదలుపెట్టింది. 1894లో లయన్స్ కంపెనీ పికడిల్లీలో 213వ నంబరు ఇంట్లో తొలి టీ దుకాణం తెరిచింది. తక్కువ ధర, శుభ్రమైన బల్ల, ఒంటరిగా వచ్చినా ఎవరూ వింతగా చూడరు. కొద్ది పెన్నీలకు ఆడవాళ్లు కొనుక్కున్నది టీ ఒక్కటే కాదు. నలుగురిలో కూర్చునే హక్కు కూడా. ఓటుహక్కు కోసం పోరాడిన మహిళలు ఇలాంటి టీ గదుల్లోనే కలుసుకుని మాట్లాడుకున్నారు. రిట్జ్ అదే వీధిలో 1906లో వచ్చింది. తెల్లదొరసానులు, టైపిస్టు అమ్మాయిలు ఒకే వీధిలో చెరోచోట అదే టీ తాగారన్నమాట.

అన్నట్టు, సాఫ్ట్‌వేర్ పిల్లలున్న ఇళ్లకి ఓ కబురు. టీ దుకాణాలు, బేకరీల లెక్కలు చూడలేక లయన్స్ సొంతంగా ఓ కంప్యూటర్ తయారుచేసుకుంది. దాని పేరు లియో. 1951లో అది పనిలోకి దిగింది. వ్యాపార లెక్కల కోసం ప్రపంచంలో మొదట వాడిన కంప్యూటర్‌గా దాన్నే చెబుతారు. అంటే ఇవాళ్టి ఐటీ ఉద్యోగాలకి మూలపురుషుడు ఓ టీ కొట్టువాడే! ఆ లయన్స్ దుకాణాలు ఇప్పుడు లేవు. వాటిలో పెద్దవైన కార్నర్ హౌస్‌లలో చివరిది 1977లో మూతపడింది.

మెట్టు మెట్టుకీ దిగితే...

ఇక జేబు సంగతి. రిట్జ్ లాంటి చోట్ల మీరు చెల్లించేది పాలరాతి స్తంభాలకి, పియానోకి, వెండి పాత్రలకి, రెండు గంటలు కూర్చోనిచ్చినందుకు. పెళ్లిరోజో అరవయ్యో పుట్టినరోజో ఉందనుకోండి, జన్మకోసారి వెళ్లడం దండగేం కాదు. అమ్మకి పట్టుచీర కట్టుకునే సందర్భం కూడా దొరుకుతుంది. అయితే ధర సంగతి పిల్లలు ముందే చెప్పేయాలి. నాన్నగారి గుణకారాలు ఇంట్లోనే అయిపోతాయి. 1707 నాటి ఫోర్ట్‌నమ్ అండ్ మేసన్ దుకాణం పై అంతస్తులోని టీ గదిదీ దాదాపు ఇదే స్థాయి. 2012లో రాణిగారే దాన్ని ప్రారంభించారు. కింది అంతస్తులో టీ డబ్బాల వరసలు చూడ్డానికి మాత్రం పైసా అక్కర్లేదు.

లండన్ దాటి ఉత్తరాన యార్క్‌షైర్‌కి వెళ్తే హారోగేట్ ఊళ్లో 'బెట్టీస్' ఉంది. స్విట్జర్లాండ్ నుంచి వలసొచ్చిన మిఠాయి తయారీదారు 1919లో పెట్టాడు. బయట వరసలో నిలబడ్డా విసుగనిపించదు, అద్దాల వెనక కేకులు చూస్తూ నిలబడొచ్చు. మామూలు ఊళ్లలోని చిన్న టీ గదుల్లో మూడంతస్తుల పళ్లెం 20, 30 పౌండ్లకే దొరుకుతుంది.

అంత తిండి ఎవరు తింటారు అనుకుంటే 'క్రీమ్ టీ' అడగండి. పేరు చూసి టీలో మీగడ కలుపుతారనుకునేరు! రెండు స్కోన్లు, జామ్, మీగడ, ఓ పాత్ర టీ... అంతే. పది పౌండ్లకి అటూఇటూ. నిజానికి మూడంతస్తుల్లోనూ గుర్తుండిపోయేది ఆ మధ్య పళ్లెమే. లండన్‌లో దానికి మంచి చోటు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం. ప్రవేశం ఉచితం. లోపలి ఫలహారశాల గదులు 1860ల్లో మొదలైనవి, ఒక గదిని విలియం మోరిస్ కంపెనీ అలంకరించింది. పింగాణీ పలకలు, రంగుటద్దాలు, గోళాల్లా వేలాడే దీపాలు... రిట్జ్‌కేం తీసిపోదు. ఒకప్పుడు అక్కడా మొదటి తరగతి, రెండో తరగతి అని మెనూలు వేరుగా ఉండేవట. ఇప్పుడు అందరూ ఒకటే వరస, మన ట్రే మనమే మోసుకోవాలి.

చారిత్రక భవనాలను చూసుకునే నేషనల్ ట్రస్ట్ సంస్థ ఫలహారశాలల్లో కూడా స్కోన్లు ప్రసిద్ధి. ఒకావిడ పదేళ్లపాటు ఊరూరూ తిరిగి 244 చోట్ల స్కోన్ తిని 2023లో ఆ యాత్ర ముగించింది. మనవాళ్ల తీర్థయాత్రలు గుర్తొస్తాయి కదూ! ఇళ్లవాళ్లు తమ సొంత తోటల్ని ఏడాదిలో కొన్నిరోజులు జనానికి తెరిచే ఏర్పాటొకటి ఉంది, నేషనల్ గార్డెన్ స్కీమ్ అని. 1927లో తలకో షిల్లింగు చొప్పున తీసుకుని 609 తోటలతో మొదలైంది. వసూలైన డబ్బు నర్సుల సేవా సంస్థలకీ ధర్మకార్యాలకీ వెళ్తుంది. చాలాచోట్ల టీ, ఇంట్లో చేసిన కేకు కూడా అమ్ముతారు. గులాబీల మధ్య కూర్చుని, ఆ ఇంటావిడతో మొక్కల కబుర్లు చెప్పుకోవచ్చు. మిద్దెతోటలు పెంచే అమ్మలకి రిట్జ్ కన్నా ఇదే నచ్చుతుంది.

ఇక అన్నిటికన్నా కింది మెట్టు... సూపర్‌మార్కెట్. నాలుగు స్కోన్ల ప్యాకెట్, చిన్న డబ్బా క్లాటెడ్ క్రీమ్, జామ్ సీసా కలిపి ఐదారు పౌండ్లు. ఇంట్లో టీ పెట్టుకుని ఫ్లాస్కులో పోసుకుంటే నలుగురికి సరిపోతుంది. టీ ఎలా పెట్టాలో జార్జ్ ఆర్వెల్ 1946లో పదకొండు సూత్రాలతో ఓ వ్యాసమే రాశాడు. ముందు టీ పోసి తర్వాతే పాలు కలపాలన్నది అందులో ఒకటి. ఆయన పుట్టింది మన బీహార్‌లోని మోతీహారీలో. అయినా పాలూ ఆకూ కలిపి మరిగించే మన పద్ధతి మీద మీకు గురి ఉంటే ఆర్వెల్ మాట పక్కన పెట్టేయొచ్చు.

ఫ్లాస్కు పట్టుకుని ఎక్కడికెళ్లాలంటారా? రిట్జ్ గోడ పక్కనే గ్రీన్ పార్క్ ఉంది. ఎండ కాసే రోజున సగం లండన్ అక్కడే ఉంటుంది. ఒక్కటే జాగ్రత్త... వేసవిలో అక్కడ వేసి ఉంచే చారల గుడ్డ కుర్చీలకి అద్దె కట్టాలి. దుప్పటి తీసుకెళ్లి గడ్డిలో పరుచుకోండి.