నానీ వయసుతో నవాసా ఖాతా



మొన్న ఇషా నమాజ్ అయ్యాక మా బౌద్ధనగర్ గల్లీ ఖాలా ఫోన్ పట్టుకొని మా ఇంటికొచ్చింది. "బేటా, జర చూడు. ఎవరెవరో సలాం పెడుతున్నరు, ఫోటో పంపమంటున్నరు. ఈ ఉమర్‌లో నాకిదేం ముసీబత్?" అంది. తెరిచి చూశాను. ఖాతా ఆమె పేరు మీదే ఉంది. పుట్టిన తేదీ ఆమెదే, ఓటీపీ వచ్చిందీ ఆమె నంబర్‌కే. వాడుతున్నది మాత్రం ఏడో తరగతి చదివే ఆమె నవాసా.

"నంబర్ చెప్పు నానీ అన్నడు, చెప్పిన" అంది పాపం.

పిల్లాణ్ణి తిట్టాలనిపించలేదు. ఉస్మానియా క్యాంపస్ గ్రౌండ్‌లో క్రికెట్ ఆడే మా మహల్లా పిల్లలందరికీ తెలిసిన హిక్మత్ ఇది: వయసు అడిగితే పెద్దది చెప్పు, తలుపు తెరుచుకుంటుంది. నా ఫికర్ ఆ ఝూట్ గురించి కాదు. ఖాతాలో వాడి వయసు అరవై రెండు. పిల్లల కోసం పెట్టిన ఏ హిఫాజత్ కూడా ఇక వాడికి అందదు. అజ్నబీలు మెసేజ్ పెట్టొచ్చు, పెద్దల యాడ్లు రావొచ్చు. కంపెనీ లెక్కలో అక్కడ పిల్లాడే లేడు.

ఇప్పుడు కానూన్ సంగతి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్ల డేటా వాడుకోవాలంటే వాలిదైన్ ఇజాజత్ ఉండాలి. ఆ ఇజాజత్ అసలైనదేనని కంపెనీ తేల్చుకోవాలి. దీని నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి. ఈ భాగం అమలుకు 18 నెలల గడువిచ్చారు. ఆ నియమాల్లో ఇచ్చిన ఉదాహరణలు చదవండి. పిల్ల తానే "నేను చిన్నదాన్ని" అని చెప్పుకుంటుంది, లేదంటే తల్లిదండ్రులు ముందుకొచ్చి చెబుతారు. అక్కడి నుంచే కథ మొదలవుతుంది. మా గల్లీలో కథ అలా మొదలవ్వదు. ఇంటికి ఒకటే ఫోన్, సిమ్ అబ్బా పేరునో నానీ పేరునో. ఓటీపీ చదివి పెట్టేది మళ్లీ ఆ పిల్లలే!

సరే, వయసు గట్టిగా నిరూపించమందాం. కాగితాలతోనా? నా సర్టిఫికెట్‌లో పుట్టిన తేదీ జూన్ 1. ఉర్దూ మీడియం బడిలో వేసినప్పుడు సార్ రాసిన తేదీ అది. అమ్మీ లెక్కలో నేను బారావఫాత్ నెలలో, చలికాలంలో పుట్టాను. పోనీ, చేహ్రా చూపించమందామా? వయసు తేల్చడం కోసం ఇచ్చిన గుర్తింపు కార్డుల ఫోటోలు ఏమవుతాయో 2025 అక్టోబర్‌లో డిస్కార్డ్ వ్యవహారంలో చూశాం. దాదాపు 70,000 మంది కార్డుల ఫోటోలు దొంగల చేతికి చిక్కి ఉండొచ్చని ఆ కంపెనీయే ఒప్పుకుంది. 2022 జనవరిలో మన ఆడవాళ్ల ఫోటోలు పెట్టి నీలామీ ఆడిన యాప్‌ను మరిచిపోయామా? ఆడబిడ్డ చేహ్రా ఒక అమానత్. దాన్ని ఎవరికి అప్పగిస్తున్నామో తెలియకుండా హిఫాజత్ ఎలా అనుకోవాలి?

ఆస్ట్రేలియాలో 16 ఏళ్లలోపు వాళ్లకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదనే నిషేధం 2025 డిసెంబర్ 10న అమల్లోకి వచ్చింది. అలాంటిదే పరిశీలిస్తున్నామని ఆంధ్రప్రదేశ్ మంత్రి నారా లోకేశ్ 2026 జనవరిలో దావోస్‌లో అన్నారు. ఆస్ట్రేలియా చట్టంలో నాకు నచ్చింది ఒకటుంది: జుర్మానా కంపెనీకే, పిల్లలకూ వాలిదైన్‌కూ కాదు. జిమ్మేదారీ ఎవరిదో అక్కడ సాఫ్‌గా చెప్పారు. కానీ తాళం ఒక్కటే సరిపోదు. బ్రిటన్‌లో 2025 జూలై 25న పెద్దల సైట్లకు వయసు తనిఖీ మొదలవగానే, వేరే దేశంలో ఉన్నట్టు చూపించే వీపీఎన్ యాప్‌ల కోసం జనం ఎగబడ్డారు.

మన తొమ్మిదో సెక్షన్‌లోనే ఇంకో మాట ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. పిల్లల వెంట నిఘా పెట్టకూడదు, వాళ్ల అలవాట్లు చూసి వాళ్లకే గురిపెట్టి యాడ్లు వేయకూడదు. తప్పితే 200 కోట్ల దాకా జుర్మానా. అసలు హిఫాజత్ ఇదే. కానీ ఇది కూడా "ఇక్కడ పిల్లాడున్నాడు" అని కంపెనీకి తెలిస్తేనే పనిచేస్తుంది. నానీ వయసుతో తిరిగే నవాసాకు ఇదీ దక్కదు.

అందుకే నా రాయ్ ఇది. అజ్నబీల మెసేజ్‌లు ఆపడం, వీడియోలు వాటంతటవే నడవకుండా చూడడం, నిఘా యాడ్లు తీసేయడం అందరి ఖాతాల్లోనూ మొదటి నుంచే ఉండాలి. కావాలనుకున్న పెద్దలు తెరుచుకుంటారు. అప్పుడు వయసు గురించి ఝూట్ చెప్పిన పిల్లాడికి కూడా ఎంతో కొంత నీడ దొరుకుతుంది. బావి చుట్టూ గోడ కట్టేవాడు వచ్చేవాళ్ల ఉమర్ అడగడు.

కంపెనీ చేయాల్సింది అది. మరి ఇంట్లో మన వంతు? ఖాలా ముందే నవాసాను కూర్చోబెట్టి ఆ ఖాతా తీసేయించాం. వాడు ముఖం మాడ్చుకున్నాడు. కాసేపటికి మెల్లగా అన్నాడు: "ఫోటో అడిగిన్రు మామూ, ఎవరికి చెప్పాల్నో తెలవలే." కొట్టి ఉంటే ఆ మాట బయటికి వచ్చేదా?

ఈ రాత్రి మీ ఇంట్లో ఫోన్ తీసుకొని ఖాతాలో పుట్టిన తేదీ చూడండి. అది ఎవరిదో అడగండి. గుస్సా లేకుండా అడగండి.