కోడి మెడ ఎందుకు మెలి తిరుగుతుంది?

మా చిత్తూరు పక్క పల్లెల్లో కోడి ఆకుపచ్చ రెట్ట వేసి, మెడ మెలి తిప్పిందంటే ఇంక ఎవరూ ఏమీ అడగరు. ‘తెగులొచ్చింది’ అంటారు. నాలుగు రోజుల్లో గంప ఖాళీ. సంకట్లోకి పులుసు సంగతి అట్లుంచండి, గుడ్లమ్మి ఆడవాళ్ళు దాచుకునే డబ్బులు కూడా పోతాయి.

ఇదే కొక్కెర తెగులు. పుస్తకాల్లో రాణిఖేత్ వ్యాధి. 1926లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో, ఆ వెంటనే మన కుమావూ కొండల్లోని రాణిఖేత్‌లో బయటపడింది. అందుకే ఇంగ్లీషువాళ్ళకు అది న్యూకాసిల్, మనకు రాణిఖేత్. పాపం, ఆ ఊళ్ళు చేసిన తప్పేమిటో!

బతికున్న కణం లేకుండా వైరస్ పెరగదు. కాబట్టి వెటర్నరీ మైక్రోబయాలజీ వాళ్ళు దానికి ల్యాబులో కణాలు పెంచిపెడతారు. (మనకు దగ్గర్లో ఈ చదువంటే తిరుపతి వెటర్నరీ కాలేజీ, 1955 నాటిది.) పొదిగిన 9-11 రోజుల గుడ్డులోని పిండాన్ని సన్నగా తరిగి, ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో కణాలను విడదీసి, పోషకాలున్న ద్రవంలో వేస్తారు. ఒకట్రెండు రోజుల్లో ఫ్లాస్క్ అడుగున చాప పరిచినట్టు అల్లుకుంటాయి. అప్పుడు వైరస్ వదులుతారు.

ప్రాణం తీసే రకమైతే మైక్రోస్కోపులో భలే కనిపిస్తుంది. పక్కపక్క కణాలు కలిసిపోయి ఒకే పెద్ద ముద్దవుతాయి, తర్వాత ఊడిపోతాయి, చాపకు చిల్లులు పడతాయి. అదే టీకాలో వాడే లసోటా రకాన్ని వేస్తే? చిల్లులు పడవు. మళ్ళీ కాస్త ట్రిప్సిన్ కలిపితే పడతాయి!

కిటుకేమిటంటే, వైరస్ పైనున్న ఒక ప్రోటీన్‌ను ఎంజైమ్ కత్తిరిస్తేగానీ అది ఇంకో కణంలోకి దూరలేదు. మెతక రకానికి పనికొచ్చే కత్తెర కోడి గాలిగొట్టం, పేగుల్లాంటి చోట్లే దొరుకుతుంది. ప్రాణం తీసే రకానికి దాదాపు ఒంట్లోని ప్రతి కణంలోనూ దొరుకుతుంది. అందుకే మెదడు దాకా వెళ్తుంది. మెడ తిరిగేది అందుకే.

మెతక రకం అక్కడక్కడే పెరిగి, కోడి ఒంటికి అసలు శత్రువు ముఖం చూపించిపెడుతుంది. వారం వయసు పిల్లకు కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క, అంతే.

చిక్కల్లా సీసాతోనే. ఒక్క సీసా వందకు పైగా కోళ్ళకు వస్తుంది, చల్లగా ఉండాలి, కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి. ఇంటికి పది కోళ్ళుంటే ఎవరు కొంటారు? ఫారాలకు దిగుల్లేదు, పెరటి కోళ్ళే మిగిలిపోతాయి. మీ ఊరి వాట్సాప్ గ్రూపులో రోజూ గుడ్ మార్నింగులు పెడతారు కదా, ఒకసారి దీని గురించి కూడా పెట్టండి. పది ఇళ్ళు కలిస్తే ఒక సీసా. పశువుల డాక్టరును ముందే అడిగి, తెల్లారి గంప ఎత్తకముందే చుక్కలు వేయించండి. ఎత్తాక మాత్రం వీధంతా వాటి వెనకాల పరిగెత్తాల్సిందే.