తెగిన కాలు తిరిగి మొలిచేదెలా?

గోడమీది బల్లి తోక తెగిపడితే కొన్నాళ్లకు మరొకటి మొలుస్తుందని మన పిల్లలకు కూడా తెలుసు. అయితే ఆ కొత్త తోకలో వెన్నుపూసలుండవు. మృదులాస్థి గొట్టం మాత్రమే ఉంటుంది. కప్పలాగే ఉభయచర జీవి అయిన సాలమాండర్ సంగతి వేరు. దాని కాలు తెగితే ఎముక, కండరం, నరం, వేళ్లతో సహా తిరిగి వస్తుంది. ఇటలీ శాస్త్రవేత్త స్పల్లంజాని 1768లోనే ఈ వింతను లోకానికి తెలియజేశాడు. దీని వెనుక ఉన్నదేమిటో ఈ నెల పరిశీలిద్దాం.

మెక్సికోలోని షోచిమిల్కో ప్రాంతపు ఆక్సోలోటల్ అనే సాలమాండర్‌నే తీసుకుందాం. కాలు తెగిన కొద్ది గంటల్లోనే చర్మకణాలు గాయాన్ని కప్పివేస్తాయి. ఆ పొర కింద కణాలు చేరి ఒక మొగ్గగా ఏర్పడతాయి. దానినే బ్లాస్టీమా అంటారు. మొగ్గలో ముందువైపు కణాలు ఒక ప్రోటీన్‌ను, వెనుకవైపు కణాలు మరొక ప్రోటీన్‌ను సంకేతాలుగా పంపుకుంటాయి. ఈ సంభాషణ సాగినంతకాలమే మొగ్గ ఎదుగుతుంది. ఒక పక్షం మౌనం వహిస్తే ఎదుగుదల ఆగిపోతుంది.

ఈ సంభాషణలో నరానికీ పాత్ర ఉంది. కాలికి వెళ్లే నరాన్ని కోసివేస్తే కొత్త కాలు రాదు. 2007లో లండన్ పరిశోధకులు నరం తెగిన న్యూట్ కాలికి ఎన్‌.ఎ.జి. అనే ఒకే ఒక ప్రోటీన్‌ను సమకూర్చగా వేళ్ల వరకు పెరిగింది. రోగనిరోధక కణాలైన మాక్రోఫేజ్‌లను తొలగిస్తే ఆక్సోలోటల్‌లో సైతం కాలు మొలవలేదని, మచ్చ మాత్రమే మిగిలిందని 2013లో వెల్లడైంది.

మరి మనిషి మాటేమిటి? చిన్నపిల్లల్లో గోరు మొదలు మిగిలి ఉంటే తెగిన వేలికొన తిరిగి పెరగగలదు. అంతకు మించి మన శరీరం గాయాన్ని మచ్చతో మూసివేస్తుంది. 2022లో అమెరికా పరిశోధకులు పెద్ద కప్పల తెగిన కాళ్లకు ఐదు మందులను ఒక్కరోజు మాత్రమే అందించారు. 18 నెలల్లో, సంపూర్ణం కాకపోయినా, ఈదడానికి పనికివచ్చే కాళ్లు పెరిగాయి.

ఆశ కలిగించే సంగతే. కాని మనిషి కాలిని మొలిపించే మందు నేటికీ లేదు. ఉందని ఎవరైనా అమ్మజూపితే నమ్మరాదు. మధుమేహంతో పాదాల నరాలు మొద్దుబారిన పెద్దలకు చిన్న గాయమైనా తెలియదు. అది ముదిరితే కాలు తీసివేయవలసి రావచ్చు. కనుక ప్రతిరాత్రి తల్లిదండ్రుల అరికాళ్లను, వేళ్ల సందులను ఒకసారి చూద్దాం. పుండు కనిపిస్తే ఆలస్యం చేయకుండా వైద్యుని వద్దకు తీసుకువెళదాం. పోయిన కాలిని తెచ్చే విద్య మనకింకా అబ్బలేదు. ఉన్న కాలిని కాపాడుకోవడం మన చేతిలోనే ఉంది.