కులాన్ని వదిలేసి ఏ పరిశోధన చేయమంటారు?

దళిత విద్యార్థి విదేశానికి వెళ్లి కంప్యూటర్ భద్రత మీద పరిశోధన చేయొచ్చు. పసిపిల్లలకు వచ్చే అరుదైన జబ్బుల మీద చేయొచ్చు. కులం మీద మాత్రం చేయకూడదు. కేంద్ర సామాజిక న్యాయం, సాధికారత మంత్రిత్వ శాఖ 2022 ఫిబ్రవరిలో నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మార్గదర్శకాలు మార్చి చెప్పిన మాటకు అర్థం ఇదే. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశం గురించిన సామాజిక అధ్యయనాలు... ఈ అంశాలకు ఈ పథకం కింద డబ్బు ఇవ్వబోమని అందులో రాశారు. ఇలాంటివి చదవడానికి కావలసినంత సామగ్రి, నిపుణులు దేశంలోనే ఉన్నప్పుడు బయటికెందుకని అధికారులు వివరణ కూడా ఇచ్చుకున్నారు.

ఈ స్కాలర్‌షిప్ ఎవరిది? ఎస్సీలది, సంచార జాతులది, భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలది, సంప్రదాయ చేతివృత్తుల వాళ్లది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు. దేశం మొత్తానికి 125 సీట్లు, అందులో 115 ఎస్సీలకు. ఇంత పెద్ద దేశంలో ఆ 125 మంది ఏం చదువుకుంటారన్నది కూడా ప్రభుత్వమే తేల్చాలా? తండ్రి డబ్బుతో ఆక్స్‌ఫర్డ్ వెళ్లి భారతీయ చరిత్ర మీద పీహెచ్‌డీ చేసే వాళ్లను ఎవరూ ఆపరు. ఈ షరతు పేదవాడికే.

బాబాసాహెబ్ 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన నెలకు పదకొండున్నర పౌండ్ల స్కాలర్‌షిప్‌తో కొలంబియా వెళ్లారు. బదులుగా బరోడా సంస్థానంలో పదేళ్లు కొలువు చేయాలన్నది ఒప్పందం. ఫలానా సబ్జెక్టు జోలికి పోవద్దని మాత్రం ఆ రాజు అనలేదు. కొలంబియాలో ఆయన తీసుకున్న కోర్సులు చూస్తే అర్థశాస్త్రంలో 29, చరిత్రలో 11, సామాజికశాస్త్రంలో 6, తత్త్వశాస్త్రంలో 5, మానవశాస్త్రంలో 4. 1916 మే 9న మానవశాస్త్ర ఆచార్యుడు గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో పాతికేళ్ల అంబేడ్కర్ చదివిన పత్రం 'కాస్ట్స్ ఇన్ ఇండియా'. అర్థశాస్త్రం చదవడానికి పోయిన విద్యార్థి మానవశాస్త్ర తరగతిలో కులం గురించి రాశాడు. 2022 మార్గదర్శకాలు ఆనాడు ఉండుంటే ఆ దరఖాస్తు బరోడా దాటేది కాదు.

పైకి చూస్తే వైద్యం, కంప్యూటర్లు కులం అంటని సబ్జెక్టులు. మనవాళ్లు కూడా చాలామంది అలాగే నమ్ముతారు. "సైన్స్ చదువుకో నాయనా, ఈ గొడవలెందుకు" అనే తల్లిదండ్రులు మన వాడల్లో తక్కువేం కాదు. వాళ్ల భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ ఆ సైన్స్ లోపలికి వెళ్లి చూద్దాం.

1916 నాటి ఆ పత్రంలో అంబేడ్కర్ చెప్పిన ముఖ్యమైన మాట, కులానికి ప్రాణం సజాతి వివాహమేనని. అంటే కులం గోడ నిలబడేది పెళ్లి దగ్గరే. ఆ తర్వాత నూరేళ్లకు జన్యుశాస్త్రం రక్తనమూనాలతో అక్కడికే వచ్చింది. కల్యాణిలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోమెడికల్ జీనోమిక్స్ శాస్త్రవేత్తలు 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఈ దేశంలో జనం ఒకప్పుడు స్వేచ్ఛగానే కలిసిపోయారు. సుమారు 70 తరాల కిందట, గుప్తుల కాలం నాటికి, ఆ కలయిక చాలా సమూహాల్లో ఆగిపోయింది. 2017లో హైదరాబాద్ సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి 260కి పైగా దక్షిణాసియా సమూహాలకు చెందిన 2,800 మందికి పైగా జన్యువులను పరిశీలించారు. వాటిలో 81 సమూహాలు ఎంత కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, ఎంతగా తమలో తామే పెళ్లాడుకుంటూ వచ్చాయంటే, ఈ విషయంలో ప్రపంచమంతా ఉదాహరణగా చూపే ఫిన్లాండ్ ప్రజలను, అష్కెనాజీ యూదులను మించిపోయాయి. ఆ 81లో 14 సమూహాల జనాభా పది లక్షలు దాటి ఉంది.

దీనికీ పసిపిల్లల జబ్బులకూ సంబంధం ఏమిటి? అరుదైన జబ్బుల్లో ఎక్కువ భాగం జన్యువుల వల్ల వచ్చేవి. వాటిలో చాలా జబ్బులు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపభూయిష్ట ప్రతులు కలిస్తేనే బయటపడతాయి. తరతరాలుగా ఒకే గుంపులో పెళ్లిళ్లు జరిగితే ఆ రెండూ కలిసే అవకాశం పెరుగుతుంది. దూరపు బంధుత్వం కూడా లేదనుకుని చేసుకున్న సంబంధంలోనూ ఈ ప్రమాదం ఉంటుంది, ఎందుకంటే కులమే ఒక పెద్ద బంధువర్గం అయిపోయింది. ఇది దళితుల సమస్య మాత్రమే కాదు. ఆంధ్ర, తెలంగాణల్లోని వైశ్య సామాజికవర్గంలో ఒక ఎంజైమ్ లోపం మిగతా జనంతో పోలిస్తే సుమారు వంద రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. ఆపరేషన్ ముందు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందు అలాంటివాళ్లకు ఇస్తే అది ఒంట్లో త్వరగా విరగదు, శ్వాస చాలాసేపు ఆగిపోతుంది. మత్తు ఇచ్చే డాక్టర్ ఇది తెలిసి ఉండాలి. అంటే ఆపరేషన్ థియేటర్‌లో కూడా కులం ఉంది. డాక్టర్ కులతత్వం వల్ల కాదు, రెండు వేల ఏళ్ల పెళ్లిళ్ల వల్ల.

ఇక హందిగోడు సంగతి. కర్ణాటకలోని షిమోగా జిల్లా సాగర్ తాలూకాలో ఒక ఊరు అది. 1974-75 ప్రాంతంలో అక్కడ పిల్లలకూ పెద్దలకూ తుంటి, మోకాళ్ల నొప్పులు మొదలై, నడుము వంగిపోయి, కొందరికి ఎదుగుదలే ఆగిపోయి, చివరికి నడవలేని స్థితికి చేరడం వెలుగులోకి వచ్చింది. బాధితులు చలువాది, చన్నంగి కులాల వాళ్లు. దళిత కూలీలు. పొలాల్లో పట్టిన ఎండ్రకాయలు తినడం వల్ల, వాటిలో చేరిన పురుగుమందు వల్ల ఈ రోగం వచ్చి ఉంటుందని మొదట్లో అనుమానించారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు వెళ్లి చూసి, 1977లో దీన్ని మలెనాడులో కుటుంబాల వెంట నడిచే కీళ్లవ్యాధిగా నమోదు చేశారు. తర్వాతి పరిశోధనలు ఇది వంశపారంపర్య ఎముకల లోపమని తేల్చాయి. ఈ జబ్బుకు రెండు ప్రతులు అక్కర్లేదు, తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చినా చాలు. అయినా అది చుట్టుపక్కల ఊళ్లలో ఆ కులాలను దాటి పోలేదంటే కారణం పెళ్లిళ్లకు ఉన్న గోడే. యాభై ఏళ్లు గడిచినా దాన్ని నయం చేసే మందు లేదు. ఇదే జబ్బు బెంగళూరు అపార్ట్‌మెంట్లలో పుట్టి ఉంటే ఇన్నాళ్లు పట్టేదా అని అడగడం తప్పా?

సికిల్ సెల్‌దీ ఇలాంటి కథే. రక్తంలో ఒక ప్రొటీన్‌లోని చిన్న తేడా వల్ల వచ్చే ఈ జబ్బును 1910లో అమెరికాలో హెరిక్ వర్ణించాడు. 1949లో లైనస్ పౌలింగ్ బృందం దాని మూలాన్ని అణువు స్థాయిలో చూపింది. మన దేశంలో 1952లో నీలగిరి ఆదివాసుల్లో గుర్తించారు. విదర్భలో ఆదివాసులతో పాటు మహర్లలో కూడా ఈ జబ్బు ఎక్కువే. అది బాబాసాహెబ్ పుట్టిన కులం, 1956లో ఆయన వెంట బౌద్ధం తీసుకున్న జనం. భారతదేశంలో సికిల్ సెల్ తేలికగానే ఉంటుందని వైద్యరంగంలో ఒక నమ్మకం పాతుకుపోయింది. నాగ్‌పూర్ పిల్లల వార్డుల్లో చూసినవాళ్లు అది అందరి విషయంలో నిజం కాదని చెప్పాల్సి వచ్చింది. ఒక చోటి ఆదివాసులను చూసి చెప్పిన మాటను ఇంకోచోటి దళిత బిడ్డకు అంటగట్టారన్నమాట. 2023 జులైలో కేంద్రం 7 కోట్ల మందికి పరీక్షలు చేసి, 2047 నాటికి ఈ జబ్బును లేకుండా చేస్తామని మిషన్ ప్రకటించింది. మంచిదే. కానీ పరీక్ష చేసి చేతిలో పెట్టిన కార్డు ఆ అమ్మాయి పెళ్లి దగ్గర ఏమవుతుంది? జబ్బు లేకుండా జన్యువును మోస్తున్నంత మాత్రాన ఆమెను ఊరు ఎలా చూస్తుంది? ఈ ప్రశ్నకు ప్రయోగశాలలో జవాబు దొరకదు. అది సామాజిక అధ్యయనం, స్కాలర్‌షిప్ వద్దన్న అధ్యయనం.

జబ్బు గుర్తించినా మందు ఎవరికి దొరుకుతుందన్నది మరో శాస్త్రం. స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ అనే పిల్లల కండరాల జబ్బుకు వాడే రిస్‌డిప్లాం సీసా ఒక్కటి రోష్ కంపెనీ ధరలో 6 లక్షల రూపాయలకు పైనే. అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద ఒక రోగికి ప్రభుత్వం ఇచ్చే గరిష్ఠ సాయం 50 లక్షలు. ఆ మందు జీవితాంతం వాడాలి. 2025 అక్టోబర్‌లో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్, తర్వాత సుప్రీంకోర్టు రోష్ అభ్యంతరాన్ని తోసిపుచ్చాక హైదరాబాద్‌కు చెందిన నాట్కో అదే మందును 15,900 రూపాయలకు తెచ్చింది. ఆ తేడా తెచ్చింది పేటెంట్ చట్టం మీద జరిగిన వాదన. వైద్యం ఒక గదిలో, న్యాయశాస్త్రం ఇంకో గదిలో అని విడగొట్టుకుని కూర్చుంటే ఆ బిడ్డకు దక్కేది ఏమీ లేదు.

కంప్యూటర్ భద్రత దగ్గరికి వద్దాం. రేషన్ దుకాణంలో యంత్రం మీద వేలు పెడితే ముద్ర పడని వాళ్లెవరో మనకు తెలుసు. ఇటుక బట్టీల్లో, సున్నం బట్టీల్లో, నాట్లలో, పాకీ పనిలో వేళ్లు అరిగిపోయిన వాళ్లు. వాళ్ల చేతులు అలా అరిగింది కులం అప్పగించిన పనుల వల్ల. యంత్రం వాళ్లను 'సరిపోలలేదు' అంటుంది. ఇంకోవైపు, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో దొరికే భూమి దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి, రబ్బరు ముద్రలు తయారుచేసి వేల సిమ్ కార్డులు యాక్టివేట్ చేసిన వ్యవహారం 2018లో తెలంగాణలోనే బయటపడింది. అసలు మనిషిని ఆపి, రబ్బరు వేలిని రానిచ్చిన వ్యవస్థ అది. దాన్ని తయారుచేసిన ఇంజనీర్ల ఇళ్లలో ఎవరికైనా వేళ్లు అరిగి ఉంటే, రేషన్ ఆగిపోవడం కూడా భద్రతా లోపమేనని ఎవరో ఒకరు మొదటి రోజే రాసి ఉండేవారు.

భీమా కోరేగావ్ కేసును మన పాఠకులకు గుర్తు చేయాల్సిన పనిలేదు. రోనా విల్సన్ లాప్‌టాప్‌లోకి నెట్‌వైర్ అనే మాల్‌వేర్‌తో చొరబడి, ఆ కేసుకు ఆధారమైన ఫైళ్లను బయటినుంచి పెట్టారని 2021 ఫిబ్రవరిలో బోస్టన్‌లోని ఆర్సెనల్ కన్సల్టింగ్ నివేదిక చెప్పింది. అంతకు ముందే, 2020 జూన్‌లో, టొరంటో విశ్వవిద్యాలయంలోని సిటిజన్ ల్యాబ్, ఆమ్నెస్టీతో కలిసి హక్కుల కార్యకర్తల మీద జరిగిన ఇలాంటి దాడులను బయటపెట్టింది. నివేదికను దర్యాప్తు సంస్థ ఒప్పుకోలేదు, కోర్టులో అది ఇంకా తేలాలి. స్టాన్ స్వామి మాత్రం 2021 జులైలో కస్టడీలో ఉండగానే చనిపోయారు. ఆయన కంప్యూటర్ గురించిన నివేదిక 2022 డిసెంబర్‌లో వచ్చింది. సైబర్ భద్రతలో ఎంటెక్‌లు, పీహెచ్‌డీలు ఇచ్చే సంస్థలు మన దేశంలో ఎన్ని లేవు? ఈ కేసు హార్డ్‌డిస్కులు పరీక్షించడానికి బోస్టన్ దాకా పోవాల్సి వచ్చింది.

దీనికి కారణం తెలివితేటల కొరత కాదు. ఆ సంస్థల్లో కూర్చున్నది ఎవరన్నది చూడాలి. 2023 జనవరిలో 'నేచర్' పత్రిక వేసిన వివరాల ప్రకారం అగ్రశ్రేణి ఐదు ఐఐటీల్లో ప్రొఫెసర్లలో 98 శాతం, అసిస్టెంట్, అసోసియేట్ ప్రొఫెసర్లలో 90 శాతానికి పైగా పైకులాల వాళ్లే. 2019లో వచ్చిన కేంద్రీయ విద్యాసంస్థల అధ్యాపక రిజర్వేషన్ చట్టం టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ లాంటి పరిశోధన సంస్థలను జాబితాలో పెట్టి మరీ మినహాయించింది. 2020లో ఐఐటీ ఢిల్లీ డైరెక్టర్ అధ్యక్షతన వేసిన కమిటీ ఐఐటీలకూ ఆ మినహాయింపే కావాలంది. రిజర్వేషన్ ఎలా అమలు చేయాలో చెప్పమని వేసిన కమిటీ అది! పరిశోధనకు ప్రతిభ కావాలి, రిజర్వేషన్ పనికిరాదన్నది వాళ్ల వాదన. హందిగోడు మందు లేకుండా యాభై ఏళ్లు ఉండిపోయింది ఈ ప్రతిభ చేతుల్లోనే.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల జీవశాస్త్రం నుంచి సైన్స్ - సమాజం అధ్యయనం వైపు మళ్లిన విద్యార్థి. విశ్వం గురించి రాయాలనుకున్నవాడు. నెలకు 25 వేల ఫెలోషిప్ నిలిచిపోయి, 2016 జనవరి 17న మనకు దూరమయ్యేనాటికి ఏడు నెలల డబ్బు రావాల్సి ఉంది. పరిశోధకుడికి ఫెలోషిప్ అంటే హాస్టల్ మెస్ బిల్లు, ఇంటికి పంపే డబ్బు. ఆలస్యమయ్యే ప్రతి నెలా ఒక్కో పరిశోధకుడు ఉద్యోగం వెతుక్కుంటూ వెళ్లిపోతాడు.

ఇప్పుడు చేయాల్సిన పని స్పష్టంగానే ఉంది. ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మార్గదర్శకాల నుంచి ఆ విషయ నిషేధాన్ని కొట్టేయాలి. 2019 చట్టంలోని మినహాయింపుల జాబితాను రద్దు చేయాలి. ఐసీఎంఆర్, బయోటెక్నాలజీ విభాగం ఇచ్చే జన్యువ్యాధుల నిధుల్లో హందిగోడు లాంటి ఊళ్లకు ఎంత పోతోందో ఏటా పార్లమెంటు ముందు పెట్టాలి. పార్లమెంటులో ఉన్న మన రిజర్వుడ్ నియోజకవర్గాల సభ్యులు ఈ ప్రశ్న అడగడానికి పార్టీ అనుమతి అక్కర్లేదు, ఒక కాగితం చాలు.

అన్నిటికంటే ముందు డబ్బు విడుదల కావాలి. 2025-26కి ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు ఎంపికైన 106 మందిలో 40 మందికే మొదట అవార్డు లేఖలు ఇచ్చి, మిగతా 66 మందికి నిధులుంటే చూస్తామని 2025 జులైలో మంత్రిత్వ శాఖ చెప్పింది. విదేశీ విశ్వవిద్యాలయాలు సెప్టెంబర్‌లో తరగతులు మొదలుపెడతాయి. వీసాకు అంతకు ముందే బ్యాంకు కాగితాలు చూపించాలి.