ఫిర్యాదు ఇవ్వండి, లాఠీ ఇవ్వకండి

వాక్యభాగం: అపొస్తలుల కార్యములు 22:22-29



ఊళ్లో దొంగతనం జరిగినప్పుడు మన నోటి నుంచి వచ్చే మొదటి మాట ఏమిటో ఎప్పుడైనా గమనించారా? పొలం దగ్గర మోటారు పోయినా, దొడ్లో మేకలు పోయినా, బీరువాలో డబ్బు కనబడకపోయినా ముందు ఎవరో ఒకరి మీద అనుమానం వస్తుంది. వెంటనే "స్టేషన్‌కు తీసుకెళ్లి నాలుగు తగిలిస్తే వాడే కక్కుతాడు" అంటాం. ఈ మాట దేవుణ్ణి ఎరుగనివారే అనడం లేదు. ప్రభువు బల్లలో పాలుపొందే మనమూ అంటున్నాం. అందుకే ఈ వారం దీని గురించి రాస్తున్నాను.

ఈ మాట ఎంతవరకు పోగలదో చెప్పే సంగతి ఒకటి మన తెలంగాణలోనే జరిగింది. 2021 జూన్ 18న యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు పోలీసుల కస్టడీలో ఒక దళిత స్త్రీ చనిపోయింది. ఆమెది ఖమ్మం జిల్లా. వంటపని చేసుకుని బతికే మనిషి. ఆమె వంట చేసిన ఇల్లు ఒక చర్చి ఫాదర్‌ది. ఆ ఇంట్లో 2 లక్షల రూపాయలు పోయాయని ఫిర్యాదు వెళ్లింది. పోలీసులు ఆమెను, ఆమె కొడుకును పట్టుకొచ్చారు. విపరీతంగా కొట్టారని కొడుకు చెప్పాడు. హైకోర్టు న్యాయ విచారణకు, రెండోసారి పోస్టుమార్టానికి ఆదేశించింది. ఎస్ఐని, ఇద్దరు కానిస్టేబుళ్లను ఉద్యోగాల నుంచి తొలగించారు. ప్రభుత్వం పిల్లలకు పరిహారం ఇచ్చింది. పరిహారంతో తల్లి తిరిగి రాదు కదా.

డబ్బు పోతే ఫిర్యాదు చేయడం తప్పు కాదు. అది మనకున్న హక్కు. ఆ ఇంటివారి మీద నేను తీర్పు చెప్పడం లేదు. అయితే ఆ కేసు చదివిన ప్రతి క్రైస్తవుడూ తనను తాను ఒక ప్రశ్న అడగాలి. ఫిర్యాదు కాగితం మీద సంతకం పెట్టగానే మన బాధ్యత తీరిపోతుందా? తీరదు అంటాను నేను. మనం వేలెత్తి చూపించిన మనిషి క్షేమంగా ఇంటికి తిరిగి వచ్చేవరకు, లేదా న్యాయాధికారి ముందు నిలబడేవరకు ఆ మనిషి విషయంలో దేవుడు మనల్ని కూడా లెక్క అడుగుతాడు.

పైన ఇచ్చిన వాక్యభాగం ఒకసారి తెరవండి. యెరూషలేములో జనం పౌలు మీద కేకలు వేస్తున్నారు. ఎందుకు వేస్తున్నారో సైన్యాధికారికి అర్థం కాలేదు. కారణం తెలుసుకోవడానికి అతనికి తోచిన మార్గం ఏమిటి? కొరడాలతో కొట్టి విచారించమన్నాడు. ఈ రోజుల్లో మనం "థర్డ్ డిగ్రీ" అనేది అదే. పౌలును వారులతో కట్టారు. అప్పుడు పౌలు తిట్టలేదు, తిరగబడలేదు. దగ్గరున్న శతాధిపతిని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. శిక్ష విధించకుండానే ఒక రోమీయుణ్ణి కొట్టడం మీ చట్టానికి సమ్మతమేనా అన్నాడు. ఆ ప్రశ్నతో విచారించడానికి వచ్చినవాళ్లు వెనక్కి తగ్గారు. పై అధికారికి కూడా భయం పుట్టింది.

కొందరు విశ్వాసులు నన్ను అడుగుతుంటారు. "అయ్యగారూ, రోమీయులకు రాసిన పత్రిక 13వ అధ్యాయంలో పై అధికారులకు లోబడమని ఉంది కదా, పోలీసుల పనిలో మనం కల్పించుకోవచ్చా?" అని. మంచి ప్రశ్నే. ఆ మాట రాసింది ఎవరు? ఈ పౌలే. ఆ పత్రిక రాసిన తరువాతే యెరూషలేములో ఈ ప్రశ్న వేశాడు. అంతకుముందు ఫిలిప్పీలో విచారణ లేకుండా తననూ సీలనూ బెత్తాలతో కొట్టి చెరసాలలో వేసిన అధికారులు మర్నాడు రహస్యంగా పంపించేయబోతే ఒప్పుకోలేదు. వాళ్లే స్వయంగా వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలని పట్టుబట్టాడు. అంటే అధికారానికి లోబడటం, చట్టం ప్రకారం నడవండని అధికారిని అడగటం అతనికి రెండు వేర్వేరు సంగతులు కావు. మన దేశంలో అందరికంటే పై అధికారం రాజ్యాంగానిది. ఎస్ఐ గారు కూడా దానికి లోబడవలసినవారే.

ఇక్కడ ఒక తేడా గమనించండి. రోమా చట్టం కాపాడింది రోమా పౌరుణ్ణి మాత్రమే. బానిసకు, పరదేశికి ఆ రక్షణ లేదు. ఆ సైన్యాధికారి తన పౌరసత్వాన్ని చాలా డబ్బు పెట్టి కొనుక్కున్నానని అక్కడే చెప్పుకున్నాడు. మన రాజ్యాంగం 21, 22 అధికరణలు పౌరుడు అనే మాట కాకుండా 'వ్యక్తి' అనే మాట వాడాయి. అంటే చదువులేని కూలీకి, పేరున్న నేరస్థుడికి, వేరే దేశం నుంచి వచ్చినవాడికి కూడా ఆ రక్షణ ఉంది. ఎవరూ కొనుక్కోనవసరం లేదు. కానీ జరుగుతున్నది ఏమిటి? పెద్దమనిషి కొడుకు మీద అనుమానం వస్తే స్టేషన్‌లో కుర్చీ వేస్తారు. కూలి మనిషి మీద అనుమానం వస్తే నేల మీద కూర్చోబెడతారు. కాగితం మీద అందరికీ ఇచ్చినదాన్ని మళ్లీ డబ్బుకు, కులానికి, పలుకుబడికి అప్పగిస్తున్నాం.

"కొట్టకపోతే దొంగలు ఎలా దొరుకుతారు?" అని మీరు అడగవచ్చు. దెబ్బలు తట్టుకోలేని మనిషి కొట్టేవాడు కోరుకున్న మాటే చెబుతాడు. చేయనిదీ చేశానంటాడు. అందుకే పోలీసు అధికారి ముందు ఇచ్చిన నేరాంగీకారం మన చట్టంలో సాక్ష్యంగా చెల్లదు. దాని వల్ల ఏదైనా సొత్తు బయటపడితే ఆ మేరకే లెక్కలోకి వస్తుంది. నేరం ఒప్పించడానికి ఒకరిని గాయపరచడమే పెద్ద నేరం. భారతీయ న్యాయ సంహిత 120వ సెక్షన్ ప్రకారం దానికి 7 ఏళ్ల వరకు, తీవ్రంగా గాయపరిస్తే 10 ఏళ్ల వరకు జైలు శిక్ష ఉంది. పైగా అమాయకుడు దెబ్బలు తిని ఒప్పుకున్నాడంటే అసలు దొంగ ఇంకా ఊళ్లోనే తిరుగుతున్నాడన్నమాట. అలాంటప్పుడు ఊరికి భద్రత ఎక్కడిది?

పోలీసులందరూ చెడ్డవారని నేను అనడం లేదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు లేచాయి. ఆ పుకార్లు నమ్మిన జనం చేతుల్లో మన తెలుగు రాష్ట్రాల్లోనే అమాయకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అక్కడ కొట్టింది ఖాకీ బట్టలవారు కాదు, మనలాంటి ఊరివాళ్లు. ఆ రోజుల్లో జోగులాంబ గద్వాల ప్రాంతంలో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు పోలీసు కళాబృందాలను, కానిస్టేబుళ్లను ఊరూరా పంపించారు. డప్పు కొట్టి, పాట పాడి, ఆ మెసేజ్‌లు నమ్మవద్దని, కొత్తవాళ్లు కనబడితే కొట్టవద్దని, తమకు ఫోన్ చేయమని చెప్పించారు. పోలీసు పని అంటే అదీ. ప్రాణం పోకముందే కాపాడటం. అలాంటి పోలీసులకు మనం తోడు నిలబడాలి, వారి కోసం ప్రార్థన చేయాలి.

మన సంఘాల్లో కానిస్టేబుళ్లు ఉన్నారు, హోంగార్డులు ఉన్నారు. పండుగలకు కూడా ఇంటి ముఖం చూడకుండా డ్యూటీ చేసేవారు. లూకా 3వ అధ్యాయంలో సైనికులు బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరకు వచ్చి మేమేమి చేయాలని అడిగారు. ఉద్యోగం మానేయమని ఆయన అనలేదు. బెదిరించి తీసుకోవద్దు, అబద్ధపు నేరం మోపవద్దు, వచ్చే జీతంతో తృప్తిపడండి అనే అర్థంలో చెప్పాడు. తమ్ముళ్లారా, అక్కలారా, మీకు కూడా నా మాట అదే. మీ చేతిలో ఉన్న మనిషి కూడా దేవుని పోలికలో చేయబడినవాడే.

ఇక ప్రతి విశ్వాసీ తెలుసుకోవలసిన నాలుగు సంగతులు చెబుతాను. ఇంట్లో పెద్దవారికి చదివి వినిపించండి.

మొదటిది. ఎవరినైనా అరెస్టు చేస్తే కారణం చెప్పాలి. బంధువుకో స్నేహితుడికో తెలియజేయాలి. వకీలును కలవనివ్వాలి. ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. 'అరెస్టు చేయలేదు, ఊరికే కూర్చోబెట్టాం' అంటూ రెండు మూడు రోజులు స్టేషన్‌లో ఉంచడానికి చట్టంలో చోటు లేదు.

రెండవది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్ష సంహిత ప్రకారం 7 ఏళ్ల వరకు శిక్షపడే నేరాల్లో అరెస్టు అవసరం లేనప్పుడు నోటీసు ఇచ్చి పిలవాలి. అరెస్టు చేస్తే ఎందుకు చేశారో కారణం రాయాలి. ప్రత్యేక పరిస్థితి ఉండి, మేజిస్ట్రేటు అనుమతి తీసుకుంటే తప్ప స్త్రీని పొద్దుగూకాక, తెల్లవారకముందు అరెస్టు చేయకూడదు. సాక్షులుగా విచారించడానికైతే స్త్రీలను, 15 ఏళ్లలోపు పిల్లలను, 60 ఏళ్లు దాటిన మగవారిని వారు ఇష్టపడితే తప్ప స్టేషన్‌కు రప్పించకూడదు. ఇంటి దగ్గరే అడగాలి.

మూడవది. ప్రతి పోలీస్ స్టేషన్‌లో సీసీ కెమెరాలు ఉండాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశించింది. ఎవరికైనా దెబ్బలు తగిలితే ఆ రికార్డు కోసం అడగవచ్చు. మేజిస్ట్రేటు ముందు నిలబడినప్పుడు, డాక్టరు పరీక్ష చేసినప్పుడు ఒంటి మీద దెబ్బలు చూపించి చెప్పాలి. అప్పుడు నోరు మూసుకుంటే తరువాత రుజువు చేయడం కష్టం.

నాలుగవది. స్త్రీలకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ప్రభుత్వమే ఉచితంగా వకీలును ఇస్తుంది. న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100. ఈ నంబరు మీ బైబిలు అట్ట లోపల రాసుకోండి.

అరెస్టు సమయంలో పోలీసులు పాటించవలసిన నియమాలు ఎలా వచ్చాయో తెలుసా? 1986లో పశ్చిమ బెంగాల్‌లో న్యాయ సహాయ సంస్థలో పనిచేసే డి.కె. బసు గారు లాకప్ మరణాల వార్తలు పేపర్లో చదివి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఒక ఉత్తరం రాశారు. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుంది. పదేళ్ల తరువాత, 1996 డిసెంబరులో తీర్పు వచ్చింది. ఒక ఉత్తరంతో అంత జరిగింది. మన ఒక్కరి మాటతో ఏమవుతుందిలే అనుకోకండి.

కాబట్టి ప్రియులారా, ఈసారి మీ ఇంట్లో ఏదైనా పోతే తప్పకుండా ఫిర్యాదు ఇవ్వండి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇస్తారు, అడిగి తీసుకోండి. మీకు తెలిసినది చెప్పండి, తెలియనిది చెప్పకండి. ఎవరి మీదనైనా అనుమానం ఉంటే అనుమానం అనే రాయండి, నిజమని రాయకండి. ఎవరినీ చెట్టుకు కట్టనివ్వకండి. "గట్టిగా అడగండి సార్" అనే మాట మీ నోట రానివ్వకండి. ఆ మాటకు అర్థం ఏమిటో మీకూ తెలుసు, ఆయనకూ తెలుసు. సాయంత్రం మరొకసారి స్టేషన్‌కు వెళ్లి, మీరు పేరు చెప్పిన మనిషి ఎలా ఉన్నాడో చూసి రండి. అన్నం తిన్నాడా అని అడగండి. ఫిర్యాదు చేసినవాడే వచ్చి ఇలా అడిగితే ఆ రాత్రి ఆ మనిషి మీద చేయి వేయడానికి ఎవరైనా ఒకసారి ఆలోచిస్తారు.

ప్రార్థన: న్యాయము తీర్చు దేవా, మాకు పోయిన సొత్తు కంటే మా పొరుగువాడి ప్రాణం నీ దృష్టికి విలువైనదని మాకు నేర్పుము. రాత్రింబగళ్లు కాపలా కాసే పోలీసు సహోదరులను, సహోదరీలను కాపాడి, వారి చేతులను అన్యాయము నుండి తప్పించుము. కస్టడీలో ఉన్నవారికి తోడుగా ఉండుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.